రథమెక్కి పక్కన కూర్చోవడం

(కడపలో సండే స్కూల్ ఉపాధ్యాయులు, యువజన నాయకులు, తల్లిదండ్రులు కలుసుకున్న కూడికలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

సంఘ కాపరులకు, పెద్దలకు, సండే స్కూల్ ఉపాధ్యాయులకు, యౌవనస్థుల మధ్య పనిచేస్తున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు, ఇంత ఎండలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, మైదుకూరు, బద్వేలు నుంచి బస్సులెక్కి వచ్చిన తల్లిదండ్రులకు ప్రభువు నామమున వందనాలు. యువతతో పనిచేసేవారికీ, పిల్లల్ని పెంచేవారికీ ఉపయోగపడే చదువు ఏది అన్న విషయం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. పుస్తకాల పట్టిక ఒకటి చదువుతానని కొందరు కాగితం, కలం సిద్ధం చేసుకున్నట్టు కనిపిస్తోంది. పేర్లు చెబుతాను. కానీ చాలా తక్కువ చెబుతాను. ఎందుకంటే మన సంఘాల్లో ఉన్న కొరత పుస్తకాల కొరత కాదని నా నమ్మకం. ఆ కొరత ఏమిటో ముందు చూద్దాం.

అపొస్తలుల కార్యములు ఎనిమిదవ అధ్యాయం తెరవండి. అందరికీ తెలిసిన భాగమే. ఐతియొపీయుల రాణి కందాకే దగ్గర మంత్రిగా ఉండి, ఆమె ధనాగారమంతటి మీద అధికారిగా ఉన్న మనిషి యెరూషలేములో ఆరాధన ముగించుకుని తన రథంలో తిరిగి వెళుతున్నాడు. వెళుతూ యెషయా గ్రంథం చదువుతున్నాడు. ఇప్పుడు నేను మిమ్మల్ని అడుగుతాను. ఆ మనిషికి పుస్తకం లేదా? ఉంది. ఆ రోజుల్లో ఒక గ్రంథపు చుట్ట సొంతంగా ఉండడం మామూలు మాట కాదు, అయినా ఉంది. చదవడం రాదా? వచ్చు. భక్తి లేదా? అంత దూరం ప్రయాణం చేసి ఆరాధించి వస్తున్నవాడికి భక్తి లేదని ఎవరంటారు? మరి ఏమి లేదు? సువార్త ప్రకటించే ఫిలిప్పు ఆ రథం దగ్గరకు వచ్చి అడిగాడు: "నీవు చదువునది గ్రహించుచున్నావా?" దానికి అతని జవాబు వినండి: "ఎవడైనను నాకు త్రోవ చూపకుంటే ఏలాగు గ్రహింపగలను?" ఆ మాట అని ఊరుకోలేదు. రథమెక్కి తనతో కూర్చోమని ఫిలిప్పును వేడుకున్నాడు. అతనికి లేనిదల్లా పక్కన కూర్చునే మనిషి.

ఫిలిప్పు చేసిన పనిని నిదానంగా గమనించండి, ఎందుకంటే యువజన నాయకుడి పని అంతా ఆ నాలుగైదు వచనాల్లో ఉంది. అతడు ముందు పరుగెత్తాడు. అంటే రథం ఆగి తన దగ్గరకు వచ్చేదాకా చూడలేదు. తరువాత విన్నాడు. ఆ మనిషి ఏమి చదువుతున్నాడో చెవిపెట్టి విన్న తరువాతే నోరు తెరిచాడు. నోరు తెరిచి ప్రసంగం మొదలుపెట్టలేదు, ప్రశ్న అడిగాడు. పిలిచిన తరువాతే రథమెక్కాడు. ఎక్కిన తరువాత తాను సిద్ధం చేసుకున్న పాఠం తీయలేదు. ఆ లేఖనమే మొదలుకొని, అంటే ఆ మనిషి చదువుతున్న చోటి నుంచే మొదలుపెట్టి, యేసును గూర్చి ప్రకటించాడు. మనం ఏమి చేస్తున్నాము? క్రిస్మస్ బహుమతుల్లో పుస్తకం ఇస్తాము. వి.బి.ఎస్., అంటే సెలవుల్లో పిల్లలకు నడిపే బైబిలు బడి, ముగింపు రోజున కొత్త నిబంధన ఇస్తాము. బాప్తిస్మం తీసుకున్న రోజున మంచి అట్ట ఉన్న బైబిలు ఇస్తాము. ఇవన్నీ మంచి పనులే, వద్దని నేను అనను. కానీ ఇచ్చిన నెల తరువాత ఆ పిల్లవాడి పక్కన కూర్చుని "ఎంతదాకా వచ్చావు నాయనా, ఎక్కడ ఆగిపోయావు?" అని అడిగినవారు మనలో ఎంతమంది? ఈ ఒక్క ప్రశ్న కోసమే నేను ఇక్కడిదాకా వచ్చాను.

కాబట్టి నేను ఈ రోజు చెప్పేదంతా ఒక షరతు మీద చెబుతాను. మీరు చదవని పుస్తకాన్ని యౌవనస్థుల చేతికి ఇవ్వకండి. ఇచ్చిన పుస్తకాన్ని వారితో కలిసి చదవకుండా వదిలేయకండి. పౌలు చెరసాలలో ఉండి, తన నిర్యాణ కాలం సమీపించిందని రాసిన ఉత్తరంలోనే తన శిష్యుడు తిమోతిని ఏమి తెమ్మన్నాడో గుర్తుందా? తాను త్రోయలో విడిచివచ్చిన అంగీని, పుస్తకాలను, ముఖ్యంగా చర్మపు కాగితాలను తెమ్మన్నాడు. అన్ని సంఘాలు స్థాపించినవాడు, సంఘాలకు అన్ని ఉత్తరాలు రాసినవాడు ఇంకా చదవాలనుకున్నాడు. నాయకుడు చదవడం మానేసిన రోజు నుంచి అతని దగ్గర యువతకు పాత మాటలే దొరుకుతాయి, ఆ సంగతి మనకంటే ముందు వాళ్ళకే తెలిసిపోతుంది.

మొదట బైబిలు. బైబిలు చదవమని సండే స్కూల్ ఉపాధ్యాయులకు చెప్పాలా అని అనుకోవచ్చు. చెప్పాలి. మన పిల్లలు కంఠత వాక్యాల పోటీల్లో గెలుస్తారు, బైబిల్ క్విజ్‌లో న్యాయాధిపతుల పేర్లు వరసగా చెబుతారు, కానీ ఒక సువార్తను మొదటి నుంచి చివరిదాకా కూర్చున్న చోటే ఒక్కసారిగా చదివిన పిల్లలు చాలా అరుదు. పెద్దల్లోనూ అరుదే. మార్కు సువార్తలో 16 అధ్యాయాలు ఉన్నాయి. గట్టిగా చదివితే రెండు గంటలు కూడా పట్టదు. ఒక సినిమా అంత సమయం కూడా కాదు. ఒక ఆదివారం సాయంత్రం యౌవనస్థులను కూర్చోబెట్టి, ఒక్కొక్కరు ఒక్కొక్క అధ్యాయం చదువుతూ మొత్తం పూర్తి చేయండి. మధ్యలో వివరణ వద్దు, ప్రసంగం వద్దు, పాట కూడా వద్దు. అయిన తరువాత రెండే ప్రశ్నలు అడగండి: ఇందులో నీకు అర్థం కానిది ఏది? నిన్ను ఇబ్బంది పెట్టినది ఏది? అప్పుడు చూడండి ఎలాంటి మాటలు వస్తాయో. అంజూరపు పండ్ల కాలం కానప్పుడు ఆ చెట్టును ఎందుకు శపించాడని అడుగుతారు. పద్నాలుగవ అధ్యాయంలో నారబట్ట విడిచి పారిపోయిన ఆ పడుచువాడు ఎవరని అడుగుతారు. సొంతవారే ఆయనకు మతి చలించిందని ఎలా అన్నారని అడుగుతారు. ప్రతి ప్రశ్నకూ మీ దగ్గర జవాబు ఉండనక్కరలేదు. పన్నెండేళ్ళ వయసులో ప్రభువు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని ఏమి చేస్తున్నాడని లూకా రాశాడు? వారి మాటలు వింటూ, వారిని ప్రశ్నలు అడుగుతున్నాడు. ప్రశ్న అడిగిన పిల్లవాడిని "విశ్వాసం లేదు నీకు" అని కూర్చోబెట్టే సంఘం, ఆ లూకా రెండవ అధ్యాయాన్ని మళ్ళీ చదువుకోవాలి.

ఇక్కడ భాష సంగతి ఒకటి ఉంది. మన పిల్లల్లో చాలామంది ఇంగ్లీషు మీడియంలో చదువుతున్నారు. తెలుగు మాట్లాడతారు, పాడతారు, కానీ పాత బైబిలులోని గ్రాంథికం చదవమంటే తడబడతారు, తడబడినందుకు సిగ్గుపడి మరుసటి వారం రారు. సిగ్గుపడేలా చేయకండి. వాడుక భాషలో వచ్చిన అనువాదం ఒకటి పక్కన పెట్టండి. ఒకరు పాత అనువాదంలో చదివితే మరొకరు అదే భాగం తేలిక తెలుగులో చదవనివ్వండి. పాతదాన్ని మాత్రం విడిచిపెట్టవద్దు, ఎందుకంటే మన కీర్తనలు, మన ప్రార్థనలు, మన అవ్వల మాటలు అన్నీ ఆ తెలుగులోనే ఉన్నాయి. పురుషోత్తమ చౌదరి గారు 19వ శతాబ్దంలో రాసిన కీర్తనలను ఈ రోజుకూ మన ఆరాధనల్లో పాడుతున్నాము. ఒక కీర్తనను రాగం లేకుండా, పద్యం చదివినట్టు చదివించి, ఇందులో కవి ఏమి అడుగుతున్నాడో చెప్పమనండి. ఏళ్ళ తరబడి పాడిన పాటను మొదటిసారి విన్నట్టు ఉంటుంది వాళ్ళకు.

ఇప్పుడు తల్లిదండ్రులతో మాట్లాడతాను. వెనక వరసల్లో కూర్చున్న అమ్మలారా, మీతోనే. "మాకు చదువు రాదు సార్, మేమేమి చదివిస్తాము" అని మీలో కొందరు లోపలికి వచ్చేటప్పుడే అన్నారు. ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయంలో దేవుడు తల్లిదండ్రులకు ఏమి చెప్పాడు? ఇంట కూర్చుండునప్పుడును, త్రోవను నడుచునప్పుడును, పండుకొనునప్పుడును, లేచునప్పుడును ఈ మాటలను గూర్చి మాటలాడవలెను అన్నాడు. చదివి వినిపించవలెను అనలేదు, మాటలాడవలెను అన్నాడు. అక్షరం రాని తల్లి ఐతియొపీయుడి స్థానంలో కూర్చోవచ్చు, బిడ్డను ఫిలిప్పుగా చేయవచ్చు. "నాయనా, ఈ పూట నాకు ఒక కీర్తన చదివి పెట్టు, అర్థం చెప్పు" అని అడగండి. తల్లికి అర్థం చెప్పాలంటే ఆ పిల్లవాడు ముందు తాను అర్థం చేసుకోవాలి. కూలికి వెళ్ళి వచ్చి, పొయ్యి దగ్గర కూర్చున్నప్పుడే ఈ పని జరుగుతుంది. దీనికి వేరే సమయం అక్కరలేదు.

రాయచోటి, రాజంపేట వైపు నుంచి, మన కడప నుంచి కూడా ఎన్ని కుటుంబాల్లో తల్లి గానీ, నాయన గానీ కువైట్‌లో ఉన్నారో మీకు నాకంటే ఎక్కువ తెలుసు. పిల్లలు అవ్వ దగ్గరో, జేజినాయన దగ్గరో పెరుగుతున్నారు. ఫోన్ చేసినప్పుడు అడిగేది ఏమిటి? తిన్నావా, ఫీజు కట్టారా, మార్కులు ఎన్ని వచ్చాయి. ఈ మూడు ప్రశ్నలూ ప్రేమతో అడిగేవే, వాటిని నేను తక్కువ చేయను. కానీ వారానికి ఒకసారి వాట్సాప్ కాల్‌లో ఇద్దరూ ఒకే కీర్తన చదవవచ్చు కదా? అక్కడ అమ్మ ఒక వచనం, ఇక్కడ బిడ్డ ఒక వచనం. అలాంటి పిల్లల పేర్లు సండే స్కూల్ ఉపాధ్యాయులు రాసి పెట్టుకుని, ఏ వారం ఏ కీర్తన చదవాలో ఇద్దరికీ సందేశం పంపితే, సముద్రం అవతల ఉన్న తల్లి కూడా ఆ రథమెక్కి కూర్చున్నట్టే. తిమోతికి విశ్వాసం ఎక్కడి నుంచి వచ్చిందని పౌలు రాశాడు? అవ్వయైన లోయి నుంచి, తల్లియైన యునీకే నుంచి. కాబట్టి ఇక్కడ ఉన్న అవ్వలు కూడా ఈ మాట తమకు కాదని అనుకోవద్దు.

తల్లిదండ్రుల కోసం ఒక పాత పుస్తకం చెబుతాను. అగస్టీను 354లో ఉత్తర ఆఫ్రికాలో పుట్టినవాడు. తన జీవితాన్ని దేవునితో మాట్లాడుతున్నట్టు రాసుకున్న ఆయన ఒప్పుకోళ్ళ గ్రంథాన్ని పదహారు వందల ఏళ్ళుగా చదువుతూనే ఉన్నారు. అంతా చదవలేకపోయినా మూడవ భాగం చివర చదవండి. కుమారుడు మానీ అనే బోధకుడు పెట్టిన మతంలో చేరిపోయాడు. తల్లి మోనికా ఏడుస్తూ ఒక బిషప్పు దగ్గరకు వెళ్ళి, మా వాడితో మాట్లాడండి, వాదించి వాడి తప్పు వాడికి చూపించండి అని వేడుకుంది. ఆ బిషప్పు ఒప్పుకోలేదు. ఇప్పుడు అతడు వినే స్థితిలో లేడు, ఆ కొత్త బోధతో పొంగి ఉన్నాడు, అతన్ని అలా ఉండనిచ్చి ప్రార్థన చెయ్యి, చదువుతూ చదువుతూ తానే ఆ తప్పును కనుక్కుంటాడు అన్నాడు. అంతేకాదు, తన కథ కూడా చెప్పాడు. చిన్నప్పుడు తన తల్లే తనను ఆ మతస్థులకు అప్పగించిందట. వారి గ్రంథాలన్నీ దాదాపుగా చదివి, నకలు కూడా రాసి, ఎవరూ వాదించకుండానే తానే బయటికి వచ్చాడట. అయినా మోనికా వదలలేదు, ఏడుస్తూనే అడిగింది. అప్పుడు ఆయన, ఇన్ని కన్నీళ్ళ కొడుకు నశించిపోవడం జరగదు, వెళ్ళిరా అన్నాడు. అగస్టీను తొమ్మిదేళ్ళ పాటు ఆ మతంలో ఉన్నాడు. 387లో మిలానులో బాప్తిస్మం పొందాడు. ఆ సంవత్సరమే మోనికా కన్నుమూసింది.

ఈ భాగాన్ని ఎందుకు ఇంత వివరంగా చెబుతున్నాను? ఇంజనీరింగు చదవడానికి బెంగళూరు, హైదరాబాదు వెళ్ళిన కొడుకు సెలవులకు వచ్చి "నేను చర్చికి రాను" అన్నాడని ఏడ్చే తల్లులు ఇక్కడ ఉన్నారు. ఆ రోజు రాత్రే పెద్దల్ని పిలిపించి, అందరి ముందు కూర్చోబెట్టి, బుద్ధి చెప్పించే తండ్రులు కూడా ఉన్నారు. తండ్రులారా, మీ పిల్లలకు కోపము రేపక, అని పౌలు ఎఫెసీయులకు రాసిన మాట వారి కోసమే. వాదన గెలిచి బిడ్డను పోగొట్టుకోవద్దు. అతడు ఏమి చదువుతున్నాడో, ఏ వీడియోలు చూస్తున్నాడో అడిగి, కోపం లేకుండా మీరూ చూడండి. ఫిలిప్పు చేసిన మొదటి పని వినడమేనని మళ్ళీ చెబుతున్నాను. సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి అన్న వాక్యం పిల్లల ఫోన్‌కూ వర్తిస్తుంది, మన ఫోన్‌కూ వర్తిస్తుంది.

తరువాతి సంగతి బరువైనది. ఇంటర్ ఫలితాల సమయంలో మన జిల్లాల్లో ఇళ్ళు ఎలా ఉంటాయో మీకు తెలుసు. చనిపోవాలని ఉందని ఒక పిల్లవాడు లేదా ఒక అమ్మాయి మీతో అంటే మీరు ఏమి చెబుతారు? అది పాపం అని మొదలుపెడితే ఆ బిడ్డ మళ్ళీ మీ దగ్గర నోరు తెరవదు. అందుకే నాయకులు ముందుగానే చదువుకుని ఉండవలసినవి కొన్ని ఉన్నాయి. 88వ కీర్తన చదవండి. కీర్తనల్లో చాలా మట్టుకు ఏడ్పుతో మొదలై స్తుతితో ముగుస్తాయి. ఇది అలా ముగియదు. చీకటిలోనే ముగుస్తుంది. అయినా దేవుడు దానిని తన గ్రంథంలో ఉండనిచ్చాడు. ఆ ఒక్క సంగతి చాలు, ఒక బిడ్డ ఏడుపును మధ్యలో ఆపకుండా వినడానికి మనకు ధైర్యం ఇస్తుంది.

దానితో పాటు జాన్ బన్యన్ రాసిన యాత్రికుని ప్రయాణం. తెలుగులో ఉన్నది. గిన్నెలకు మాట్లు వేసి బతికిన మనిషి, అనుమతి లేకుండా ప్రసంగించినందుకు ఇంగ్లండులోని బెడ్‌ఫర్డ్‌లో పన్నెండేళ్ళు చెరసాలలో ఉన్నవాడు రాసిన పుస్తకం, 1678లో అచ్చయింది. అందులో సందేహాల కోట ఒకటి ఉంది, నిరాశ అనే రాక్షసుడు దానికి యజమాని. క్రైస్తవుడు, నిరీక్షణ అనే పేరుగల తోటి యాత్రికుడు దారి తప్పి ఆ కోటలో పడతారు. రాక్షసుడు వారిని కొట్టి, మీరు ఇక్కడి నుంచి ఎలాగూ బయటపడరు, మీ ప్రాణాలు మీరే తీసుకోండి అంటాడు. క్రైస్తవుడు, అవును, కథానాయకుడైన క్రైస్తవుడే, ఆ మాటకు లొంగిపోబోతాడు. నిరీక్షణ అతన్ని తిట్టడు. తనూ అదే చీకటి గదిలో, అదే దెబ్బలు తిని పక్కన కూర్చుని, ఇప్పటిదాకా మనం దాటి వచ్చినవి గుర్తు చేసి, ఈ ఒక్క రోజు ఓర్చుకుందాం అంటాడు. మరుసటి రోజు కూడా అదే మాట అంటాడు. అప్పటికి గానీ క్రైస్తవుడికి తన రొమ్మున వాగ్దానం అనే తాళపుచెవి ఉన్నదన్న సంగతి గుర్తుకు రాదు. యువజన కూడికలో ఈ భాగాన్ని చదివించండి, ఇద్దరు ఇద్దరి మాటలు చదవాలి. చదివిన తరువాత ఎవరైనా ఆగిపోయి మీతో ఒంటరిగా మాట్లాడాలని అడిగితే, ఆ రోజు మీ మిగతా పనులన్నీ ఆపండి. ప్రార్థన చేయండి, డాక్టరు దగ్గరకు కూడా తీసుకెళ్ళండి. ప్రార్థన చేశాము కదా డాక్టరు ఎందుకు అని ఎవరూ అనవద్దు. లూకా వైద్యుడే. మనసు బాధలో ఉన్నవారికి ఫోన్‌లో సహాయం చేయడానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416. రాసుకోండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ఈ నంబరు ప్రతి సంఘం నోటీసు బోర్డు మీద ఉండాలి.

నోటీసు బోర్డు మాట వచ్చింది కాబట్టి యువజన నాయకులు తప్పనిసరిగా చదవవలసిన మరొక దాని గురించి ఇక్కడే చెబుతాను. అది భక్తి పుస్తకం కాదు. 2012లో వచ్చిన లైంగిక నేరాల నుంచి బాలల రక్షణ చట్టం, పోక్సో అని పిలుస్తాము. 18 ఏళ్ళ లోపు బిడ్డపై అలాంటి నేరం జరిగిందని తెలిసినవారు ఎవరైనా సరే, పోలీసులకు తెలియజేయాలని ఆ చట్టం చెబుతుంది. తెలిసీ చెప్పకపోవడం నేరం. సంఘం పరువు పోతుందని, రెండు కుటుంబాలూ మనవాళ్ళేనని, పెద్దల్లో మాట్లాడి సర్దుబాటు చేద్దామని అనడానికి ఆ చట్టంలో చోటు లేదు. వాక్యంలోనూ చోటు లేదు. చిన్నవారిలో ఒకరిని అభ్యంతరపరచినవాని గురించి వాని మెడకు తిరుగటిరాయి కట్టి సముద్రంలో ముంచివేయడం వానికి మేలని ప్రభువు అన్నాడు. బాలల సహాయ నంబరు 1098. యువతతో పనిచేయడానికి ఎవరిని పెట్టుకున్నా, వారితో ఈ చట్టంలోని ముఖ్యమైన సెక్షన్లు చదివించిన తరువాతే బాధ్యత అప్పగించాలని కాపరులను బతిమాలుకుంటున్నాను. అయ్యగారూ, మీరు తల ఊపారు, సంతోషం.

జీవిత చరిత్రల గురించి కొంచెం. పిల్లలకు మిషనరీల కథలు ఇస్తాము, మంచిదే. కానీ వాటిలో చాలావాటిలో ఆ మనిషికి కోపం రాదు, సందేహం రాదు, పుట్టినప్పటి నుంచి పరిశుద్ధుడే. పదహారేళ్ళ పిల్లవాడు అది చదివి "నేను ఇలాంటివాడిని కాను" అని పక్కన పెట్టేస్తాడు. పండిత రమాబాయి జీవితం చదివించండి. 1858లో పుట్టింది. ఆడపిల్లకు సంస్కృతం నేర్పడం తప్పని లోకం అనుకుంటున్న కాలంలో తండ్రి అనంతశాస్త్రి భార్యకు నేర్పాడు, ఆ తల్లి బిడ్డకు నేర్పింది. ఇంటి పని మొదలయ్యేలోపల, తెల్లవారుజామున బిడ్డను ముద్దుచేసి నిద్రలేపి, ఒళ్ళో కూర్చోబెట్టుకుని పాఠం చెప్పేదట. తల్లిదండ్రులను కరువులో పోగొట్టుకుంది. 1876 నుంచి 78 దాకా మన సీమను తుడిచిపెట్టిన కరువు గురించి మన ముసలివాళ్ళు వాళ్ళ ముసలివాళ్ళ దగ్గర విన్నారు కాబట్టి, ఆ బాధ మన పిల్లలకు త్వరగా అర్థమవుతుంది. 1883లో ఆమె ఇంగ్లండులో బాప్తిస్మం పొందింది. పొందిన తరువాత కూడా, ఆమెకు ఆశ్రయమిచ్చిన సన్యాసినులతో సంఘ బోధ గురించి ఉత్తరాల్లో గట్టిగా వాదించింది. అర్థం కానిది ఒప్పుకోనన్నది. ఆ ప్రశ్నల మనిషే పూనా దగ్గర కేడ్‌గావ్‌లో ముక్తి మిషన్‌ను నడిపి, కరువులో దిక్కులేని ఆడపిల్లలను వందల మందిని ఆదుకుంది. హెబ్రీ, గ్రీకు నేర్చుకుని బైబిలును మరాఠీలోకి తెచ్చింది. ప్రశ్నలు అడిగే ఆడపిల్ల మీ సంఘంలో ఉంటే ఈ జీవితం ఆమె చేతికి ఇవ్వండి. ఇచ్చి, మీరూ ఆమెతో చదవండి.

తెలుగు సాహిత్యాన్ని కూడా మనం మన యువతకు దూరం చేయకూడదు. క్రైస్తవ పుస్తకాలు తప్ప మరేవీ చదవకూడదనే మాట కొన్ని ఇళ్ళల్లో వింటాను. ఆ మాటతో నేను ఏకీభవించను. గుర్రం జాషువా గారు 1941లో రాసిన గబ్బిలంలో, గుడిలోకి రానివ్వని ఒక పేద మనిషి తన గోడును కాశీలోని శివునికి చెప్పమని గబ్బిలంతో సందేశం పంపుతాడు. ఆ జాషువా గారే క్రీస్తు చరిత్రను పద్యాల్లో రాశారు, దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఈ రెండింటినీ కలిపి చదివించండి. చదివిన తరువాత పిల్లలు ఒక ప్రశ్న అడుగుతారు, ముందే చెబుతున్నాను: మరి మన సంఘాల్లో పెళ్ళి సంబంధాలు చూసేటప్పుడు కులం ఎందుకు అడుగుతున్నారు? క్రీస్తులో అందరూ ఒక్కటే అని చెప్పే గలతీయులకు రాసిన పత్రిక మూడవ అధ్యాయం ఆదివారం చదివి, సోమవారం సంబంధానికి వెళ్ళి ఏ కులమని ఎందుకు అడుగుతున్నారు? పెద్దలారా, ఈ ప్రశ్నకు మనం నిజంగా జవాబు చెప్పుకోవలసి ఉన్నది. పుస్తకం దాచిపెట్టినంత మాత్రాన ప్రశ్న పోదు.

వద్దని చెప్పవలసినవి కూడా ఉన్నాయి, ఎక్కువ సమయం తీసుకోను. అంత్యదినాల లెక్కలు కట్టి సంవత్సరం చెప్పే పుస్తకాలు, ఇంత కానుక ఇస్తే ఇంత తిరిగి వస్తుందనే పుస్తకాలు, జ్వరం నుంచి పరీక్ష తప్పడం దాకా ప్రతిదానికీ దయ్యాన్ని చూపించే పుస్తకాలు మన కన్వెన్షన్ల దగ్గర బల్లల మీద బాగా అమ్ముడవుతున్నాయి. వాటిని మన యువత చేతుల్లో పెట్టవద్దు. భయంతో వచ్చినవాడు భయం పోగానే వెళ్ళిపోతాడు.

చివరగా సండే స్కూల్ గురించి. సండే స్కూల్ అనేది మొదట దేనికోసం పుట్టింది? రాబర్ట్ రైక్స్ అనే పత్రికా సంపాదకుడు 1780లో ఇంగ్లండులోని గ్లోస్టర్‌లో దీనిని ప్రారంభించాడు. వారమంతా పనుల్లో మగ్గిపోయి, ఆదివారం వీధుల్లో తిరిగే పేద పిల్లలకు చదవడం నేర్పడానికి ప్రారంభించాడు. చదవడం నేర్పే బడి అది. మన జిల్లాలోనూ లండన్ మిషన్ వారు 1822లో కడపలో పని మొదలుపెట్టినప్పటి నుంచి ప్రార్థన మందిరం, బడి పక్కపక్కనే పెరిగాయి. ఈ ఊళ్ళోనే, ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ గ్రంథాలయం ఉన్నది. కలకత్తాలో పాదిరిగా పనిచేసిన డేవిడ్ బ్రౌన్ కుమారుడు సి.పి. బ్రౌన్ 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చి, తెలుగు నేర్చుకుని, పండితులను పెట్టుకుని, చెదలు తినిపోతున్న వేమన పద్యాలను, కావ్యాలను సేకరించి నిలబెట్టాడు. పాదిరి ఇంటి బిడ్డ తెలుగుకు చేసిన సేవ అది. మీ యువజన సంఘాన్ని ఒక శనివారం అక్కడికి తీసుకెళ్ళండి. తీసుకెళ్ళి చూపించడమే కాదు, అక్కడ కూర్చుని ఒక గంట చదవనివ్వండి.

సంఘంలో పుస్తకాల అర ఎలా పెట్టాలని ఉదయం ఒక తమ్ముడు అడిగాడు, డబ్బు సంగతి కూడా అడిగాడు. పెద్ద బీరువా కొనవద్దు. తాళం వేసిన బీరువాలో పుస్తకాలు ఉండి ఉపయోగం లేదు. పది మంచి పుస్తకాలు, ఒక్కొక్కటి రెండేసి ప్రతులు కొనండి. రెండు ఎందుకు? ఒకటి యౌవనస్థుడికి, ఒకటి అతనితో చదివే పెద్దకు. రిజిస్టరులో ఇద్దరి పేర్లూ ఒకే వరసలో రాయాలి. ఒక్క పేరు మీద పుస్తకం ఇవ్వకూడదు. చదవడం రాని తల్లి అయితే ఆమె పేరే రాయండి, ఆమెకు బిడ్డ చదివి వినిపిస్తాడు. నెల తరువాత ఇద్దరూ కలిసి వచ్చి తిరిగి ఇవ్వాలి, ఎక్కడ ఆగారో, ఏది అర్థం కాలేదో ఉపాధ్యాయుడితో కాసేపు మాట్లాడి వెళ్ళాలి. ఒక సంఘానికి పది పుస్తకాలు కొనే స్తోమత లేకపోతే, పక్క ఊరి సంఘంతో కలిసి కొని, మూడు నెలలకు ఒకసారి మార్చుకోండి.

ఈ రోజు నేను తెచ్చిన పుస్తకాలు వేదిక పక్కన బల్ల మీద ఉన్నాయి. మార్కు సువార్త విడి ప్రతులు, తేలిక తెలుగులో ఉన్నవి, అందరికీ సరిపడా ఉన్నాయి. భోజనానికి వెళ్ళేముందు తీసుకోండి, కానీ ఒక్కొక్కరు రెండు ప్రతులు తీసుకుని, రెండవది ఎవరి కోసమో ఆ పేరు ఇక్కడే, ఆ పుస్తకం మొదటి పేజీ మీద రాసి తీసుకెళ్ళండి. కలాలు కూడా అక్కడే ఉన్నాయి.